మొదటి ఫుట్‌బాల్ యాత్రకు మాంచెస్టర్ ఎందుకు వద్దంటానంటే

యూరప్ ఫుట్‌బాల్ చూసే మనవాళ్లని ఒక్క మ్యాచ్ నేరుగా చూసే అవకాశమొస్తే ఎక్కడికెళ్తారని అడగండి. జవాబులు నాలుగైదు పేర్ల చుట్టూనే తిరుగుతాయి: మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్, ఆన్‌ఫీల్డ్, ఎమిరేట్స్, కాంప్ నౌ, బెర్నబావ్. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ మన టైముకి అమరినట్టు ఇంకే లీగూ అమరలేదు. శనివారం సాయంత్రం టీ తాగే వేళకు మొదటి మ్యాచ్ మొదలై అర్ధరాత్రి దాకా ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. అలా పెరిగిన అభిమానానికి ఆ స్టేడియాలే పుణ్యక్షేత్రాలయ్యాయి.

అయినా మొదటి యాత్రకు మాత్రం అవి సరైన చోట్లు కావనేదే నా వాదన. లక్షల రూపాయలు, వీసా, ఆఫీసులో బతిమాలి తెచ్చుకున్న సెలవు అన్నీ ఒకే ఒక్క మ్యాచ్‌కి కట్టేస్తున్నారు. ఆ మ్యాచ్ తేదీ మీ చేతిలో లేదు, టికెట్ అసలే లేదు. అందుకని ముందు స్టేడియాన్ని కాకుండా ఒక ప్రాంతాన్ని ఎంచుకోండి. రైల్లో గంట, గంటన్నర దూరంలో అరడజనుకు పైగా క్లబ్బులున్న ప్రాంతమైతే ఒక మ్యాచ్ పోయినా ఇంకోటి దొరుకుతుంది. యూరప్‌లో అలాంటి చోట్లలో నా మొదటి ఓటు జర్మనీ పడమటి వైపున్న రూర్ లోయకి, దాన్ని ఆనుకుని ఉన్న రైన్ నది ఊళ్లకి.

ఇంగ్లండ్‌లో ఎక్కడ దెబ్బతింటారు

ప్రీమియర్ లీగ్ ఫిక్చర్లు జూన్‌లో వస్తాయి. ఆ జాబితాలో చాలా మ్యాచ్‌ల పక్కన శనివారం మధ్యాహ్నం మూడు గంటలు అని ఉంటుంది. దాన్ని నమ్మి ఫ్లైట్ బుక్ చేస్తే సగం పని చెడినట్టే. టీవీ సంస్థలు తమకు కావలసినవి ఎంచుకున్నాక అదే మ్యాచ్ శుక్రవారం రాత్రికి ముందుకు రావచ్చు, ఆదివారానికో సోమవారానికో వెనక్కి పోవచ్చు. శనివారం మూడు గంటల మ్యాచ్‌లను బ్రిటన్ టీవీల్లో ప్రత్యక్షంగా చూపించకూడదన్న పాత నియమం ఒకటుంది. కాబట్టి టీవీకి కావలసిన పెద్ద క్లబ్బుల మ్యాచ్‌లే ఎక్కువగా కదులుతాయి, అంటే మీరు చూద్దామనుకున్నవే. దీనికి తోడు ఆ క్లబ్బు గురువారం యూరప్ మ్యాచ్ ఆడితే లీగ్ మ్యాచ్ ఆదివారానికి జరుగుతుంది. కప్పులో ముందుకెళ్తే ఒక్కోసారి మొత్తం మ్యాచే ఇంకో నెలకు వాయిదా పడుతుంది.

ఇక టికెట్. పెద్ద క్లబ్బుల టికెట్లు మామూలుగా బయటివాళ్ల అమ్మకం దాకా రావు. సీజన్ టికెట్లు పోగా మిగిలినవి మెంబర్లకు, అదీ చాలాచోట్ల లాటరీ పద్ధతిలో. మెంబర్‌షిప్ కడితే లాటరీలో పేరు వేసుకునే హక్కొస్తుంది తప్ప సీటు రాదు. ఈ తేడా తెలియక మెంబర్‌షిప్ కట్టేసి, వీసా తెచ్చుకుని, చివరికి టికెట్ కోసం రీసేల్ సైట్ల మీద పడేవాళ్లు చాలామంది. ఇంగ్లండ్, వేల్స్‌లో అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్ తిరిగి అమ్మడం 1994 నాటి క్రిమినల్ జస్టిస్ అండ్ పబ్లిక్ ఆర్డర్ చట్టం 166వ సెక్షన్ కింద నేరం. కేసు అమ్మినవాడి మీదే, కానీ గేటు దగ్గర ఆగిపోయేది మీరు. ఆ సైట్లలో దొరికేది చాలావరకు ఇంకెవరో మెంబరు పేరుతో ఉన్న పాసు. క్లబ్బు కనిపెట్టి దాన్ని రద్దు చేస్తే గేటు తెరుచుకోదు, డబ్బు వెనక్కి రాదు.

నిక్కచ్చిగా దొరికే దారి హాస్పిటాలిటీ ప్యాకేజీ, అంటే భోజనంతో కలిపి అమ్మే సీటు. పెద్ద మ్యాచ్‌కి మనిషికి వందల పౌండ్లు. దొంగ టికెట్‌కి అంతే ఇచ్చేకంటే అది నయం. అయితే ఆ మెత్తని సీట్ల దగ్గర పాటలు పాడేవాళ్లుండరు, భోజనం చేసి వచ్చి కూర్చున్నవాళ్లుంటారు. మ్యాచ్ దొరకలేదని స్టేడియం టూర్‌తో సరిపెట్టుకోవడమైతే సినిమా ఆడని థియేటర్ చూసి రావడమే. డ్రెస్సింగ్ రూములో వేలాడదీసిన జెర్సీ పక్కన ఫోటో వస్తుంది, అంతకుమించి ఏమీ రాదు.

ఒకే రైలు మార్గం మీద ఇన్ని క్లబ్బులు

రూర్ ఒకప్పటి బొగ్గు, ఉక్కు ప్రాంతం. ఊళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. ఆర్‌ఈ1 అనే ప్రాంతీయ రైలు ఆఖెన్ నుంచి కొలోన్, లెవర్‌కూజెన్, డ్యుసెల్‌డార్ఫ్, డ్యూయిస్‌బర్గ్, ఎసెన్, బోకుమ్ మీదుగా డార్ట్‌మండ్ దాటి పోతుంది. డార్ట్‌మండ్ నుంచి బోకుమ్‌కి పదీ పన్నెండు నిమిషాలు, అక్కణ్నుంచి ఎసెన్‌కి ఇంకో పది, డ్యూయిస్‌బర్గ్ నుంచి డ్యుసెల్‌డార్ఫ్‌కి పావుగంట. షాల్కే క్లబ్బున్న గెల్సెన్‌కిర్‌కెన్ ఈ దారికి కాస్త పక్కన, ఎసెన్ నుంచి పది నిమిషాల్లో ఉంది. మోన్షెన్‌గ్లాడ్‌బాఖ్ డ్యుసెల్‌డార్ఫ్‌కి పడమర, అరగంట లోపు. ఎసెన్‌లో గది తీసుకుంటే అన్నిటికీ మధ్యలో ఉంటారు. మ్యాచ్ రోజుల్లో డార్ట్‌మండ్‌లో గదుల ధరలు ఎలాగూ మండిపోతాయి.

దీన్ని మ్యాచ్ టైములతో కలిపి చూడండి. రెండో డివిజన్ శుక్రవారం సాయంత్రం 6:30కి, శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి, రాత్రి 8:30కి, ఆదివారం మధ్యాహ్నం 1:30కి. పై డివిజన్ అయిన బుండెస్‌లిగా శుక్రవారం రాత్రి 8:30కి, శనివారం 3:30కి, 6:30కి, ఆదివారం 3:30కి, 5:30కి. మూడో డివిజన్ టైములు వీటి సందుల్లో. 2025–26లో డార్ట్‌మండ్, లెవర్‌కూజెన్, గ్లాడ్‌బాఖ్, కొలోన్ పై డివిజన్‌లోనూ, షాల్కే, బోకుమ్, డ్యుసెల్‌డార్ఫ్ రెండో దాంట్లోనూ, ఎసెన్, డ్యూయిస్‌బర్గ్ మూడో దాంట్లోనూ ఆడాయి. వీటిలో సగం క్లబ్బులు బయట ఊళ్లలో ఆడుతున్న వారమైనా శుక్రవారం నుంచి ఆదివారం లోపు మూడు మ్యాచ్‌లు పడతాయి. తేదీలు కుదిరితే నాలుగు కూడా. ఆశపడి ఒకేరోజు రెండు పెట్టుకుంటే మొదటిదాని చివరి విజిల్‌కీ రెండోదాని మొదటి విజిల్‌కీ మధ్య కనీసం రెండు గంటలుండాలి. జర్మనీ రైళ్లు ఆలస్యానికి పేరుమోసినవి, ఆటయ్యాక ప్లాట్‌ఫారం మీద అడుగు పెట్టడానికే ఇరవై నిమిషాలు పోతుంది.

డార్ట్‌మండ్ స్టేడియం సామర్థ్యం 81,365. అందులో గోల్‌పోస్టు వెనక దక్షిణపు స్టాండు ఒక్కటే దాదాపు 25 వేల మంది నిలబడి చూసేది. నిలబడే స్టాండుల్లో యూరప్‌లో దీన్ని మించింది లేదు. అయితే ఆ స్టాండులో మొదటిసారే చోటు దొరుకుతుందని ఆశపెట్టుకోవద్దు, దాదాపు అంతా సీజన్ టికెట్లే. ఎదురుగా ఉత్తరం వైపో, తూర్పు స్టాండు మూలనో సీటు దొరికితే ఇంకా మంచిది. 'పసుపు గోడ' అని పిలిచే ఆ దక్షిణపు స్టాండులో నిలబడ్డవాడికి ఆ గోడ కనిపించదు, ఎదుటి వైపు కూర్చున్నవాడికే కనిపిస్తుంది.

నిజంగా నిలబడి చూడాలంటే బోకుమ్‌కో ఎసెన్‌కో వెళ్లండి. బోకుమ్ స్టేడియం ఊరి మధ్యలోనే, 26 వేల సామర్థ్యంతో, మైదానానికి బాగా దగ్గరగా ఉంటుంది. ఎసెన్ క్లబ్బు మూడో డివిజన్‌లో ఆడుతూ కూడా 15 వేలకు పైగా జనాన్ని రప్పిస్తుంది. 1954 ప్రపంచకప్ ఫైనల్లో హంగేరీ మీద గెలుపు గోల్ కొట్టిన హెల్ముట్ రాన్ ఈ క్లబ్బువాడే, ఆ మరుసటి ఏడాది వీళ్లే జర్మనీ చాంపియన్లు. నిలబడే టికెట్ ఈ ఊళ్లలో సుమారు 15 నుంచి 20 యూరోలు. మాంచెస్టర్ హాస్పిటాలిటీ ఒక్కదానికి పెట్టే డబ్బుతో ఇక్కడ ఒక సీజన్ సగం చూడొచ్చు.

షాల్కే గురించి సింగరేణి ఊళ్ల పాఠకులకు ప్రత్యేకంగా చెప్పాలి. గని కార్మికుల క్లబ్బుగానే పుట్టింది, నేటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. ఆటగాళ్లు మైదానంలోకి వచ్చే సొరంగాన్ని బొగ్గు గని లోపలిలా కట్టారు. ఆట ముందు గనివాళ్ల పాట స్టేడియమంతా పాడుతుంది. రూర్‌లో చివరి బొగ్గు గని, బోట్రప్ దగ్గర ప్రోస్పెర్ హానియెల్, 2018 డిసెంబరులో మూతపడింది. ఆ పాట మాత్రం ఆగలేదు. రెండో డివిజన్‌కి పడిపోయాక కూడా 62 వేల స్టేడియం నిండుతున్న ఊరది. గోదావరిఖనిలో, మందమర్రిలో పెరిగినవాళ్లకి ఆట ముందరి ఆ పది నిమిషాలు ఏ వివరణా లేకుండా అర్థమవుతాయి.

ఏ నెలలో

విదేశీ లీగుల క్యాలెండరుకీ మన సెలవులకీ పొత్తు కుదరదు. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు, మార్చిలో దేశాల జట్ల మ్యాచ్‌ల కోసం పై డివిజన్లు ఆగిపోతాయి. 2026 నుంచి సెప్టెంబరు, అక్టోబరు విరామాలు రెండూ కలిసి ఒకే పొడవాటి విరామం అవుతున్నాయి. దసరా సెలవుల్లో వెళ్దామనుకునేవాళ్లు ముందు ఫిఫా క్యాలెండరు చూసుకోవాలి. క్రిస్మస్ సెలవుల్లో ఇంగ్లండ్ ఆడుతుంది, జర్మనీ ఆడదు: క్రిస్మస్ ముందు నుంచి జనవరి రెండో వారం దాకా అక్కడ శీతకాల విరామం. సంక్రాంతి వేళకు బుండెస్‌లిగా మళ్లీ మొదలవుతుంది కానీ సున్నా డిగ్రీల దగ్గర రెండు గంటలు కాంక్రీటు మెట్ల మీద నిలబడాలి. చలికి ముందు చచ్చేవి పాదాలే. బూట్లలో మందం లేకపోతే పైన ఎంత జాకెట్ వేసినా దండగ.

నా లెక్కలో ఏప్రిల్‌ని మించింది లేదు. పిల్లల పరీక్షలు అయిపోతాయి, అక్కడ చలి తగ్గుతుంది, టైటిల్, డిమోషన్ పోరాటాలు ముదురుతాయి. మే మధ్యలో వచ్చే చివరి వారాన్ని మాత్రం తప్పించండి. ఆఖరి రౌండులో బుండెస్‌లిగా తొమ్మిది మ్యాచ్‌లూ శనివారం 3:30కే ఒకేసారి ఆడతారు. ప్రాంతాన్ని ఎంచుకున్న లాభమంతా ఆ వారం సున్నా.

ఏది ముందు, ఏది తర్వాత

చిక్కు ఇక్కడే. వీసాకి తేదీలు ముందే కావాలి, మ్యాచ్ కచ్చితంగా ఏ రోజో కొన్ని వారాల ముందు దాకా తేలదు. ఏ వారాంతంలో ఎవరితో ఎవరనేది ఎండాకాలంలోనే తెలుస్తుంది, శుక్రవారమా ఆదివారమా అన్నది తర్వాత విడతలుగా ప్రకటిస్తారు. అందుకని గురువారం దిగి మంగళవారం బయల్దేరేలా ఫ్లైట్ పెట్టుకుంటే ఏ రోజుకి జరిగినా మీరక్కడే ఉంటారు.

జర్మనీకి కావలసింది చాలా యూరప్ దేశాలకి ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసా. దానికి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. 2024 జూన్ నుంచి ఫీజు 90 యూరోలు, సర్వీసు చార్జీ వేరే. కనీసం 30 వేల యూరోల వైద్య ఖర్చు భరించే ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 దాకా. అసలు ఆలస్యం అపాయింట్‌మెంట్ స్లాటు దొరకడంలో ఉంటుంది కాబట్టి మూడు నెలల ముందే మొదలుపెట్టండి. మ్యాచ్ టికెట్ చేతిలో లేకపోయినా టూరిస్టు వీసాకి దరఖాస్తు ఆగదు. హోటల్, విమానం రిజర్వేషన్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, సెలవు మంజూరైన లెటరు ఉండాలి. హోటల్ రద్దు చేసుకోగలిగిందే తీసుకోండి. బ్రిటన్ వీసా పూర్తిగా వేరు, 2025 ఏప్రిల్‌లో దాని ఫీజు 127 పౌండ్లయింది. రెండు దేశాలూ ఒకే ట్రిప్పులో అనుకుంటే రెండు దరఖాస్తులు, అవి ఒకదాని తర్వాత ఒకటి, ఎందుకంటే పాస్‌పోర్టు ఒక్కటే.

టికెట్ల సంగతికొస్తే, వెళ్లదలచిన నాలుగైదు క్లబ్బుల సైట్లలో ముందే అకౌంట్లు తెరిచి పెట్టుకోండి. అమ్మకం సాధారణంగా మ్యాచ్‌కి కొన్ని వారాల ముందు, మెంబర్లకి తొలుత, మిగిలితే అందరికీ. డార్ట్‌మండ్ విషయంలో మిగలడం అరుదు. అక్కడ క్లబ్బు సొంత సైట్లోనే సీజన్ టికెట్‌వాళ్లు తాము రాలేని మ్యాచ్ టికెట్ తిరిగి అమ్ముతారు, దాన్ని రోజూ చూస్తూ ఉండాలి. మ్యాచ్ దగ్గరపడేకొద్దీ అక్కడ కదలిక ఎక్కువ. బోకుమ్, డ్యుసెల్‌డార్ఫ్, డ్యూయిస్‌బర్గ్‌లలో పొరుగు క్లబ్బుతో ఆడే డెర్బీ కాకపోతే మామూలు అమ్మకంలోనే దొరుకుతాయి.

డబ్బు కట్టేచోట మనవాళ్లకి రెండు అడ్డంకులు. మన బ్యాంకు కార్డుల్లో విదేశీ లావాదేవీలు మొదట ఆపేసే ఉంటాయి, యాప్‌లో మనమే ఆన్ చేయాలి. రెండోది ఓటీపీ. జర్మనీలో దిగాక కొందామనుకుంటే ఇండియా సిమ్ రోమింగ్‌లో సజీవంగా ఉండాలి, లేదంటే ఆ ఎస్ఎంఎస్ రాదు, సీటు ఇంకొకరికి పోతుంది. స్టేడియం లోపల తిండి, బీరు చాలాచోట్ల కార్డుతోనే కాబట్టి ట్యాప్ చేసే ఫారెక్స్ కార్డు ఒకటి ఉంచుకోండి.

డార్ట్‌మండ్, షాల్కే లాంటి క్లబ్బుల మ్యాచ్ టికెట్‌లోనే ఆ రోజు ఆ ప్రాంతపు రైళ్లు, ట్రాములు ఉచితం. టికెట్ మీద రవాణా సంస్థ గుర్తు ఉందో లేదో చూసుకోండి. ఐసీఈ లాంటి దూరపు రైళ్లకి అది చెల్లదు. నెలంతా ప్రాంతీయ రైళ్లన్నిటికీ చెల్లే డాయిచ్‌లాండ్ టికెట్ 2026 జనవరి నుంచి 63 యూరోలు. అది చందా పద్ధతి, ఆ నెల పదో తేదీ లోపు రద్దు చేయకపోతే వచ్చే నెలకీ డబ్బు లాగేస్తారు. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి 2024 జనవరిలో నేరు విమానం మొదలైంది. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయాన్ని ఆనుకునే దూరపు రైళ్ల స్టేషనుంది, కొలోన్ గంట దూరం.

లోపల

ఏ4 కాగితం కంటే పెద్ద బ్యాగు లోపలికి రానివ్వరు. స్టేషన్లో లాకర్లు మ్యాచ్ రోజున పొద్దున్నే నిండిపోతాయి, సామాను హోటల్లోనే వదిలిరండి. పెద్ద లెన్సు కెమెరా కూడా వద్దు. నిలబడే స్టాండులో మధ్య భాగం అల్ట్రాలనే వీరాభిమానుల గుంపులది. మైకుతో ఒకడు మైదానానికి వీపు పెట్టి తొంభై నిమిషాలూ పాడిస్తూనే ఉంటాడు, పెద్ద జెండాలు సగం ఆటని కప్పేస్తాయి. అక్కడ ఫోన్ ఎత్తి మొహాలు వీడియో తీస్తే ఊరుకోరు. అంచున నిలబడితే ఆట కూడా కనిపిస్తుంది. రెండు జట్ల పేర్లూ కలిపి అల్లిన కండువా బయట అమ్ముతారు, కొనకండి, అది టూరిస్టు బిళ్ల. డార్ట్‌మండ్‌కి ప్రత్యర్థి షాల్కే రంగైన నీలం చొక్కా, గెల్సెన్‌కిర్‌కెన్‌కి డార్ట్‌మండ్ రంగైన పసుపు చొక్కా వేసుకెళ్లడం ధైర్యమేమీ కాదు.

అక్కడి సాసేజ్ మామూలుగా పంది మాంసమే. అది తినకపోతే బంగాళదుంప వేపుళ్లు, ఉప్పు రొట్టె. బీరు గ్లాసుకి డిపాజిట్ తీసుకుంటారు, తిరిగి ఇస్తే వెనక్కిస్తారు.

"నా క్లబ్బు మాంచెస్టర్ అయితే?"

న్యాయమైన ప్రశ్నే. పదిహేనేళ్లుగా ఒక జట్టు కోసం రాత్రులు మేల్కొన్నవాడిని బోకుమ్ చూసి తృప్తిపడమంటే ఒప్పుకోడు. అలాంటివాళ్లు రెండో యాత్రకి వెళ్లండి, వెళ్లేటప్పుడు ఈ పద్ధతిలో వెళ్లండి: సీజన్ మొదలవకముందే మెంబర్‌షిప్, ఆర్సెనల్, లివర్‌పూల్ లాంటి ప్రత్యర్థుల మ్యాచ్‌లు వదిలేసి కింది వరస జట్లతో మ్యాచ్‌లకి లాటరీ, కప్పు తొలి రౌండ్లు, వారం మధ్యలో ఆటలు. అక్కడ కూడా ఊరు కాకుండా ప్రాంతమే ఎంచుకోండి. లండన్‌లో బంధువులున్నవాళ్లకి ఇది సులువు. ఫుల్హమ్, బ్రెంట్‌ఫర్డ్, చార్ల్‌టన్, లేటన్ ఓరియెంట్ అన్నీ లోకల్ రైళ్ల మీదే. ఆర్సెనల్ మహిళల జట్టు 2025–26లో లీగ్ హోమ్ మ్యాచ్‌లని ఎమిరేట్స్‌కి మార్చుకుంది, పురుషుల మ్యాచ్ ధరలో చిన్న భాగానికి అదే స్టేడియంలో నిండు ఆట చూడొచ్చు. దేశాల విరామంలో ఇరుక్కుపోతే ఇంగ్లండ్‌లో చిన్న క్లబ్బుల కోసం 2010 నుంచి నాన్ లీగ్ డే జరుపుతున్నారు, టచ్‌లైన్ కంచెకి ఆనుకుని చూడొచ్చు.

స్పెయిన్ నాకు రెండో వరసే, ఏ రోజు ఏ గంటకన్నది అక్కడ కూడా చివర్లోనే తేలుతుంది. ఇటలీలో టికెట్ మీద పేరు పాస్‌పోర్టుతో సరిపోల్చి లోపలికి పంపుతారు. ఇంటిపేరు ముందా వెనకా, ఇనిషియలా పూర్తి పేరా అన్న మన గందరగోళం అక్కడ గేటు దగ్గర బయటపడుతుంది. పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో అలాగే టైపు చేయాలి.

జర్మనీ మీద నా పక్షపాతానికి ఇంకో కారణముంది, అది మన ఊరిదే. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియాని నాలుగో స్థానం దాకా తీసుకెళ్లిన కోచ్ ఎస్.ఎ. రహీమ్ ఉన్న నగరం మనది. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, యజమాని మారాక, 2025లో స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుని వెళ్లిపోయింది. అభిమానులని ఎవరూ అడగలేదు, అడగాల్సిన నియమమూ లేదు. జర్మనీలో 50+1 నియమం ప్రకారం ప్రొఫెషనల్ జట్టులో సగానికి పైగా ఓట్లు క్లబ్బు సభ్యుల చేతిలో ఉండాలి. మందుల కంపెనీ నడిపే లెవర్‌కూజెన్ లాంటి మినహాయింపులున్నాయి. నిలబడే స్టాండులు మిగలడం, టికెట్ ఇరవై యూరోల దగ్గరే ఆగడం, సోమవారం మ్యాచ్‌లని అభిమానులు గొడవచేసి ఎత్తేయించడం, వీటన్నిటి వెనకా ఆ బలముంది. టీవీలో కనిపించని ఈ సంగతి డార్ట్‌మండ్‌లో ఎనభై వేల మంది మధ్య కంటే ఎసెన్‌లో వర్షంలో పదిహేను వేల మంది మధ్య బాగా తెలుస్తుంది.

డార్ట్‌మండ్, బోకుమ్, ఎసెన్, ఆఖెన్ యూనివర్సిటీల్లో చదివే మన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. అన్నో అక్కో తమ్ముడో అక్కడ ఉంటే గది ఖర్చు తగ్గుతుంది, జర్మన్‌లో ఉన్న టికెట్ పేజీ అర్థమవుతుంది. వాళ్ల సెమిస్టరు పరీక్షల నెల కాకుండా చూసుకుని తేదీ అడగండి.